అలలు విరగని చోటు

బోధన్,
ఆగస్టు 11

అక్కా,

నమస్కారం. క్షేమం అడిగి, క్షేమం చెప్పి మొదలుపెట్టే ఉత్తరం కాదిది. నాకు కోపంగా ఉంది. దాన్ని దాచుకుని మర్యాదగా వ్రాయడం నాకు చేతకావడం లేదు. నువ్వు ఫోను తీయవు. తీసినా రెండు మాటలకే పెట్టేస్తావు. “ఫోన్ల నువ్వు నన్ను మాట్లాడనియ్యవు. కాగితం మీద రాయి, సదువుత” అన్నావు కాబట్టి వ్రాస్తున్నాను.

మాఘ పౌర్ణమి నాడు సముద్ర స్నానాలకు పోయినప్పుడు ఆశన్న బావ అందులో పోయాక బంధువులమంతా బస్సులో వెనక్కి వచ్చాం. శవం దొరికేదాకా ఉంటానని నువ్వు రేవుదిబ్బలోనే ఆగిపోయావు. శవం దొరకలేదు. ఇక దొరకదని పోలీసులు కాగితం వ్రాసి ఇచ్చి కూడా నెలలు గడిచాయి. అయినా నువ్వు రావు. నీ ఇంటికి వేసిన తాళం తుప్పు పట్టింది.

మొన్న శక్కర్‌నగర్ నుండి ఒకతను మా దుకాణానికి మోటరు వైండింగ్‌కు తెచ్చాడు. నేను తీగ చుడుతుండగా పక్కన కూర్చుని తన ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎరువు సంచి కట్టిన కర్ర పట్టుకుని ఒక ఆడమనిషి నీళ్ళలో ఉన్నవాళ్ళను తిడుతూ ఒడ్డుకు తరుముతోంది. “గీమె మన బోధన్ ఆమెనే అంట గదా అన్నా. దిమాగ్ ఖరాబైందట” అన్నాడు. ఆమె నా తోడబుట్టిన అక్క అని నా నోటితో రాలేదు. రానందుకు కూడా నీ మీదే కోపం వచ్చింది.

నేను ఆలోచించుకున్న విషయాలు వరుసగా వ్రాస్తున్నాను.

ఒకటి. సముద్రం ఒడ్డున మనుషులను కాపాడడానికి అక్కడ ఇద్దరు జీతగాళ్ళున్నారు, ఒక పడవ ఉంది. ఆ పని నీది కాదు.

రెండు. మీ అత్త సాయవ్వ చిన్న కొడుకును పోగొట్టుకుని పెద్ద కొడుకు రాజారాం ఇంట్లో ఉంటోంది. నీ పేరు ఎత్తితే ముఖం గోడవైపు తిప్పుకుంటుంది. నీకు పిల్లలు లేరు. ఆమెకు నువ్వు, నీకు ఆమె తప్ప బావ గుర్తుగా ఎవరూ మిగల్లేదు.

మూడు. ఇది వ్రాయడం కష్టమే అయినా వ్రాయక తప్పదు. నిజాంసాగర్ కాలువలో ఈదిన ధైర్యంతో సముద్రంలోకి పోవడం బావ చేసిన దుస్సాహసం. మేమంతా సరుగుడు తోట అవతల పులిహోర తింటుంటే ఆయన ఈతకు పోయాడు. ఆపలేకపోయానని నువ్వే చెప్పావు. ఒక మనిషి దుస్సాహసానికి నువ్వు బతుకంతా కాపలా కాయవలసిన అవసరం లేదు.

మా ఇంట్లో వెనుక గది ఖాళీ చేయించాను. నీ మరదలు నవత దానికి సున్నం వేయించింది. బయలుదేరే రోజు వ్రాస్తే నేనే వచ్చి తీసుకువస్తాను.

నీ తమ్ముడు,
రవీందర్


రేవుదిబ్బ,
ఆగస్టు 24

తమ్మీ,

నీ ఒకటి, రెండు, మూడు చదివాను. చిన్నప్పుడు అవ్వ నిన్ను దుకాణానికి పంపితే ఉప్పు, చింతపండు కూడా అంకెలు వేసుకుని పోయేవాడివి. నేను కూడా నీకు సామానులాగే కనిపిస్తున్నానా?

దిమాగ్ ఖరాబైందన్నవాని మోటరు బాగు చేసి ఇచ్చావా? ఇచ్చే ఉంటావు.

నీకు తెలియనిది చెప్తా, విను. పోయిన ఆదివారం బాల్కొండ నుండి ఒక బస్సు వచ్చింది. దిగీ దిగకముందే మనవాళ్ళని మాటను బట్టి తెలిసింది. అందరూ ఇసుకలో నిలబడి సముద్రాన్ని చూశారు. ఎడమవైపు అలలు తెల్లగా విరిగి పడుతున్నాయి. కుడివైపు కూడా అంతే. నడుమ ఒక చోట అలలు విరగవు. నీళ్ళు నల్లగా, చెరువులాగ మెత్తగా ఉంటాయి. బస్సంతా నేరుగా అక్కడికే నడిచింది. ముసలివాళ్ళను, పిల్లలను చేతులు పట్టుకుని మరీ అక్కడికే తీసుకుపోయారు. మనం చెరువుల దగ్గర, కాలువల దగ్గర పెరిగినవాళ్ళం. మెత్తటి నీళ్ళంటే మంచి నీళ్ళు అనుకుంటాం. ఈ ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళను అడుగు. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. అక్కడ నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నట్టే ఉంటాయి. కాలు లేచిందంటే మనిషి లోపలికి పోతాడు.

నేను ఈల ఊదాను. ఎవరూ తిరగలేదు. ఒక తాత నడుము లోతులో నిలబడి, “ఏందవ్వా, గంగమ్మను నీ ఒక్కదానికే రాసిచ్చిండ్రా?” అన్నాడు. వాళ్ళవాళ్ళు నవ్వారు. పూజకు వాళ్ళు తెచ్చిన కొబ్బరికాయే ఒకటి నేను గుంజుకుని ఆయన పక్కన నీళ్ళలో వేశాను. అది ఒడ్డుకు రాలేదు. ఆయన చూస్తుండగానే ఎవరో తాడు కట్టి లాగినట్టు లోపలికి, అలల అవతలికి పోయింది. తాత నవ్వు ఆపి పిల్లల చేతులు పట్టుకుని బయటికి వచ్చాడు. వచ్చినాక నన్ను తిట్టాడు, అది వేరే సంగతి. నీ వీడియోలో ఈ కొబ్బరికాయ ఉందా?

నీ మొదటి అంకెలో ఇద్దరు జీతగాళ్ళున్నారు. ఒకడికి ఈత రాదు. గొడుగు కింద కూర్చుని ఫోను చూస్తాడు. రెండోవాడికి ఈత వచ్చు, మంచివాడే. కానీ బస్సులు వచ్చే ఆదివారమే వాణ్ణి బండ్లు నిలిపే చోట చీటీలు చింపడానికి పెడతారు. ఇక పడవ. అది నీలం రంగు టార్పాలిన్ కప్పుకుని ఒడ్డున ఉంది. రిబ్బను కత్తిరించిన నాడు కట్టిన పూలు ఎండి ఇంకా దానికే వేలాడుతున్నాయి. నడిపేవాడిని ఇప్పటిదాకా పెట్టలేదు. తాళం చెవి మండలాఫీసులో ఉంటుంది. మీ బావ పోయిన రోజు ఆ టార్పాలిన్‌ను నేను గోళ్ళతో చింపాను రవీ.

ఇక్కడి చేపలవాళ్ళలో నూకరత్నమ్మ అనే ఆమె తన ఇంట్లో ఒక గది ఇచ్చింది. రొయ్యలు వలిచే పని చూపించింది. మిగతా పొద్దంతా ఒడ్డునే ఉంటాను. నేను రాను.

మీ బావ దుస్సాహసం చేయలేదు. ఆ మాట ఇంకోసారి వ్రాస్తే నీ ఉత్తరాలు చదవను. మరి ఏం జరిగిందని మాత్రం నన్ను అడగకు.

నువ్వు అర్జీలు బాగా వ్రాస్తావంటారు. ఆ పడవ మీద ఒకటి వ్రాయి.

పుష్పలత


బోధన్,
అక్టోబరు 19

అక్కా,

అర్జీ వ్రాశాను. సెప్టెంబరులో ఒకటి, దానికి జవాబు రాకపోతే ఈ నెల మొదట్లో మరొకటి. నిన్న జవాబు వచ్చింది. ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు నీకు తెలియజేస్తున్నాను: రక్షక పడవ “సిద్ధస్థితిలో ఉన్నది”, సిబ్బంది “తగినంతగా నియమించబడినారు”, ప్రమాదాలకు “యాత్రికుల అజాగ్రత్తయే ప్రధాన కారణము”.

నేను పదో తరగతి తప్పి, దుకాణంలో కూర్చునే వ్రాత నేర్చుకున్నవాణ్ణి. ఒక్క వాక్యం అబద్ధం కాకుండా కట్టడానికి గంటలు కూర్చుంటాను. మనిషిని చంపి, చచ్చినవాడిదే తప్పని ఇంత శుభ్రమైన భాషలో వ్రాయవచ్చునని నాకు ఇప్పటిదాకా తెలియదు. ఆ కాగితం చదివాక ఆ పూట దుకాణం తెరవలేకపోయాను. మళ్ళీ వ్రాస్తాను. వాళ్ళ ప్రతి మాటకూ విడివిడిగా ఋజువు అడుగుతాను. ఈ విషయంలో నేను నీ పక్షమే.

రెండవ విషయంలో కాదు. దసరా మరునాడు రాజారాం ఇంట్లో బంధువులంతా కూర్చున్నారు. రాబోయే మాఘ పౌర్ణమికి బావ సంవత్సరీకం. శవం దొరకలేదు, దహనం లేదు, బూడిద లేదు. కాబట్టి ఆయన పోయిన నీళ్ళ దగ్గరే కర్మ జరగాలని, బంధువులంతా అక్కడే స్నానం చేయాలని నిర్ణయించారు. ఎక్కువ మాట్లాడింది సాయవ్వే. “నా కొడుకు యాడ పోయిండో గాడ్నే మూడు మునుగులు మునుగుత. గంతే” అన్నది.

బస్సు మాట్లాడే పని, సామాను చూసే పని నాకు అప్పగించారు. ఒప్పుకున్నాను. అందరూ వస్తారు, కర్మ అవుతుంది, తిరుగు బస్సులో నువ్వు మాతో వస్తావు. ఇందులో నీకు నచ్చనిది ఏముందో నాకు తెలియదు.

రవీందర్


రేవుదిబ్బ,
నవంబరు 6

తమ్మీ,

నచ్చనిది ఏముందా? అందరూ రండి. పిండాలు పెట్టండి, ఏడవండి, నన్ను తిట్టండి. నీళ్ళలోకి మాత్రం ఒక్కరు కూడా దిగడానికి వీల్లేదు. బిందెలతో నీళ్ళు నేను తెచ్చి ఒడ్డున పోస్తాను. అది కూడా సముద్రం నీళ్ళే.

మా అత్త అసలు రాకూడదు. ఈ మాట కింద రెండు గీతలు గీసి చెప్తున్నాను. ఏ సాకు చెప్పి ఆపుతావో ఆపు. జ్వరమని చెప్పు, బస్సులో చోటు లేదని చెప్పు.

సామాను జాబితా వ్రాసే ఉంటావు. నువ్వులు, దర్భలు, విస్తరాకులు అన్నీ ఉంటాయి. తాడు ఉందా అందులో? గాలి నింపిన ట్యూబు ఉందా? మూత బిగించిన ఖాళీ డబ్బా ఒక్కటైనా ఉందా? మునిగేవాని వెనుక ఇంకొకడు దూకితే ఇద్దరూ పోతారు. తేలేది ఏదైనా విసరాలి. లోపల చిక్కినవాడు ఒడ్డువైపు కొట్టుకోకూడదు, అలసిపోతాడు. వెల్లకిలా తేలి, చెయ్యి ఎత్తి, పక్కకు జరగాలి. ఆ మెత్తటి పాయ సన్నగానే ఉంటుంది, పక్కకు జరిగితే అలలే ఒడ్డుకు తోస్తాయి. ఇవన్నీ ఈ ఊరి ఆడవాళ్ళు నాకు రొయ్యలు వలుస్తూ చెప్పారు. మన బస్సులో ఎంతమందికి తెలుసు?

మీ బావకు తెలుసు. కాలువలో పెరిగినవాడు కదా. ప్రవాహంతో కొట్లాడకుండా తేలి పోవడం ఆయనకు తెలుసు. ఆయన తేలాడు రవీ. చెయ్యి ఎత్తాడు. చాలాసేపు ఎత్తే ఉంచాడు. పక్కకు జరిగే సత్తువ ఆయనలో మిగల్లేదు. ఎందుకు మిగల్లేదో వ్రాయను. పడవ వస్తుందని ఆయన చూశాడు. పడవ సిద్ధస్థితిలో ఉంది.

అత్తను తీసుకురాకు.

పుష్పలత


బోధన్,
జనవరి 17

అక్కా,

నువ్వు ఆజ్ఞలు వ్రాస్తావు, కారణాలు వ్రాయవు. అర్జీ పెట్టుకున్నవానికి ఆఫీసువాళ్ళు ఇచ్చే జవాబుకూ నీ ఉత్తరానికీ నాకు తేడా కనబడలేదు.

సాయవ్వను ఆపమన్నావు. ఎలా ఆపాలి? ప్రయాణం పెద్దదని చెప్పి చూశాను. మరునాటి నుండి ఒక్కపూటే తింటోంది. ఒడ్డున బిందె నీళ్ళు పోసుకోవచ్చునా అని కర్మ చేయించే అయ్యగారిని అడిగాను. పోసుకోవచ్చునన్నాడు. ఆ మాట సాయవ్వకు చెబితే నవ్వింది. రాజారాం అక్కడే ఉన్నాడు. “మొగడు నీళ్ళల్ల పోతాంటె సూసుకుంట నిలబడ్డది. ఇప్పుడు తల్లి మునుగుతనంటె నీతులు సెప్తాందా నీ అక్క?” అన్నాడు. ఇంటినిండా జనం. నాకు తల కొట్టేసినట్టయింది. బదులు చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఏమీ ఇవ్వలేదు నువ్వు.

కర్మ చేయవద్దనడానికి, కన్నతల్లిని రావద్దనడానికి నీకూ హక్కు లేదు, నాకూ లేదు. నేను చేయగలిగింది చేస్తాను. తాడు, రెండు ట్యూబులు, ఖాళీ డబ్బాలు జాబితాలో చేర్చాను. అలలు విరిగే చోటే, మోకాళ్ళ లోతులోనే దించుతాను. సాయవ్వ చెయ్యి నేనే పట్టుకుంటాను. నాకూ కాలువలో ఈత వచ్చు.

అందరి ముందు నన్ను అవమానపరచవద్దని మాత్రం వేడుకుంటున్నాను.

రవీందర్


బోధన్,
ఫిబ్రవరి 9

పుష్పలతకు,

అక్కా అని వ్రాయడానికి చెయ్యి రావడం లేదు.

జరిగింది జరిగినట్టు వ్రాస్తున్నాను, రేపు నువ్వు మరోలా చెప్పకుండా. పిండాలు పెట్టడం అయింది. నువ్వు అడిగిన తాడునే నా నడుముకు కట్టుకున్నాను. రెండో కొస రాజారాం పట్టుకున్నాడు. సాయవ్వ నడుముకు కూడా కట్టబోతే, “నన్ను బర్రె లెక్క కట్టేస్తరా?” అని విదిలించుకుంది. ఆమె చెయ్యి పట్టుకుని అలలు విరిగే చోట దిగాను. ఆమె పక్కకు, ఆ మెత్తటి నీళ్ళవైపు నడిచింది. నా కొడుకు పోయింది గక్కడ, గక్కడనే మునుగుతా అన్నది. అంచు దాకా పోదామని నేనూ నడిచాను. మొదటి మునక మునిగింది. రెండోది మునిగింది. మూడోసారి అల తగిలి నా పట్టు జారింది.

నువ్వు ఆ మెత్తటి నీళ్ళకు అవతల నడుము లోతులో నిలబడి ఉన్నావు. డబ్బా కట్టిన తాడు నీ నడుముకు ఉంది, నూకరత్నమ్మ కొడుకులు ఒడ్డున దాన్ని పట్టుకుని ఉన్నారు. ముందే సిద్ధమై ఉన్నావు. అంతవరకు నేను ఒప్పుకుంటాను. సాయవ్వను బయటికి తెచ్చింది నువ్వే. కానీ తెచ్చిన పద్ధతి ఏమిటి? డెబ్భై ఏళ్ళ మనిషిని జుట్టు పట్టి ఇసుక మీద ఈడ్చావు. ఆమె నిన్ను కొట్టిందని నువ్వు తిరిగి చెంప మీద కొట్టావు. కొడుకు సంవత్సరీకం నాడు, బంధువులందరి ముందు, కోడలు అత్తను కొట్టింది.

రాజారాం నీ ముందు ఉమ్మి బస్సెక్కాడు. నిన్ను రమ్మని పిలవడానికి నాకు ముఖం లేకపోయింది. పిలవాలని కూడా అనిపించలేదు.

వచ్చే నెల బంధువులు మళ్ళీ కూర్చుంటున్నారు. నీతో రాకపోకలు తెంచుకుందామంటున్నారు. నేను అడ్డు చెప్పను.

రవీందర్


రేవుదిబ్బ,
ఫిబ్రవరి 20

రవీ,

అడ్డు చెప్పకు. తెంచుకోనీ. కానీ ఇది చదివి కాల్చేయి.

పోయిన ఏడు మీరంతా సరుగుడు తోట అవతల తింటున్నారు. అత్త మునుగుతానంటే నేను, మీ బావ తోడు పోయాం. మెత్తటి నీళ్ళు ఎంచి ఆమెను అక్కడ దించింది మేమే. ముసలిదానికి అలల దెబ్బ తగలవద్దని. ఆమె కళ్ళు, ముక్కు మూసుకుని మునిగింది. లేవలేదు. చూస్తుండగానే నా చేతికి అందనంత దూరం పోయింది. మీ బావ ఒడ్డున చొక్కా ఆరేసుకుంటున్నాడు. దూకాడు. ఆమెను పట్టుకున్నాడు. తేలుతూ పోవడం తెలిసినవాడే, కానీ తల్లిని మోస్తూ ఎలా తేలుతాడు? ఆ ప్రవాహానికి ఎదురీది తెచ్చాడు. నాకు ఈత రాదు, గొంతు దాకా దిగి నిలబడ్డాను. ఆమె చెయ్యి నా చేతిలో పెట్టాడు. “పట్టుకున్నవా?” అన్నాడు. పట్టుకున్నా అన్నాను. నేను జుట్టు కూడా పట్టి గుంజాను, అలా అయితేనే వచ్చింది. తిరిగి చూసేసరికి ఆయన లోపల ఉన్నాడు. ఉన్న సత్తువంతా ఆమెకే ఖర్చు చేశాడు. మిగిలింది తేలడానికి, చెయ్యి ఎత్తడానికి సరిపోయింది. అత్త ఇసుకలో బోర్లా పడి నీళ్ళు కక్కుతోంది. నేను పడవ దగ్గరికి ఉరికాను. తర్వాతిది నీకు తెలుసు.

అత్తకు ఏమీ తెలియదు. అల కొట్టి పడేసిందని, నేను లేపానని అనుకుంటోంది. మీరు వచ్చి ఆశన్న ఏడి అని అరిచినప్పుడు, ఈతకు పోయాడని చెప్పాను. ఆ క్షణంలో నోటికి అదే వచ్చింది. తాగి పోయాడని రాజారాం బావ అన్నాడు, ఊరుకున్నాను. నేను ఆపలేదన్నారు, ఊరుకున్నాను. తన కోసమే కొడుకు పోయాడని తెలిస్తే ఆ ముసలిది ఒక్క పూట బతుకుతుందా? ఆయన ప్రాణం పెట్టి తెచ్చిన మనిషి ఆమె. అందుకే రావద్దన్నాను. మళ్ళీ అదే చోట, మళ్ళీ కళ్ళు మూసుకుని, ఈసారి నీ చేతిలో.

కొట్టాను. ఆమె కళ్ళు తెరవడం లేదు, అందుకు కొట్టాను. మీరందరూ చెంపదెబ్బే చూశారు.

ఆ గొడవ అయిన మూడోనాడు ఇక్కడికి ఎవరో అధికారి వచ్చాడు. టార్పాలిన్ తీశారు. పడవను నీళ్ళలో పెట్టి ఫొటోలు దిగారు. సాయంత్రానికి మళ్ళీ కప్పేశారు. నేను అతని జీపు ముందు నిలబడి నా నోటికి వచ్చిందంతా అన్నాను. పిచ్చిదన్నాడు. నూకరత్నమ్మ అతనికి నాకంటే ఎక్కువ అన్నది.

ఈ సంగతి ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టు పెట్టు. బంధువులు ఏమన్నా సరే. చెప్పావంటే అత్తను నువ్వు చంపినట్టే.

పుష్పలత


బోధన్,
మార్చి 15

అక్కా,

నీ ఉత్తరం కాల్చాను. ఇంత బరువు నా మీద పెట్టినందుకు నిన్ను క్షమించలేదు. ఏడాది పాటు నీ తమ్ముణ్ణి కూడా ఊరివాళ్ళలో ఒకడిగా లెక్కపెట్టినందుకు అసలే క్షమించలేదు. ఆ సంగతి కలిసినప్పుడు తేల్చుకుందాం.

మొన్న ఆదివారం బంధువులు కూర్చున్నారు. రాజారాం అన్న మాటలు వ్రాయను. నీ మాట కోసం పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. నిన్ను ఒక్కొక్కరే తిడుతుంటే, నిజం నోట్లో పెట్టుకుని మౌనంగా ఉండడం ఎలాంటిదో నాకు తెలిసింది. వంతు వచ్చి నన్నూ అడిగారు. నేను చెప్పేదేమీ లేదన్నాను.

అప్పుడు గోడవైపు తిరిగి కూర్చున్న సాయవ్వ ఇటు తిరిగింది. ఆమె అన్న ప్రతి మాటా గుర్తుపెట్టుకున్నాను.

“ఇగ సాలు, బంద్ జేయుండ్రి. నా కొడుకు ఈతకు పోలే. తాగి పోలే. నేను కొట్కపోతాంటె నన్ను పట్టనీకె వచ్చిండు. నా సెయ్యి తీస్కపోయి దాని సేతుల పెట్టిండు. పట్టుకున్నవా అన్నడు. నాకెరికె. కండ్లు మూస్కున్న గని సచ్చిపోలే గద.”

రాజారాం, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“అది సెప్పలే. నేను బతకాల్నని అది నోరు మూస్కున్నది. మీతోని తిట్లు తిన్నది. నాకు తెలుసంటె దాని కష్టమంత గంగల కలుస్తది గద. అందుకనే నేను సుత మూస్కున్న.”

రాజారాం లేచి బయటికి పోయాడు. నీతో తెంచుకునే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. దీనికి నేను సంతోషించి ఉండవలసింది. ఒక విషయం నన్ను సంతోషించనివ్వలేదు. అన్నీ తెలిసిన మనిషి అదే చోట మునుగుతానని ఎందుకు పట్టుబట్టింది? మూడో మునకలో నా పట్టు జారిందని నీకు వ్రాశాను. అప్పటినుండి నా చేతిని చూసుకుంటూనే ఉన్నాను. అల వచ్చిన దిక్కు వేరు, పట్టు విడిన దిక్కు వేరు.

యాసంగి పంటకు నీళ్ళు వదిలారు, కాలువ నిండుగా పోతోంది. మరునాడు సాయవ్వను వెతుక్కుంటూ పోతే బ్రిడ్జి పక్కన మెట్ల మీద కూర్చుని ఉంది. రోజూ అక్కడికే వస్తోందట. పక్కన కూర్చుని అడిగాను.

“అవ్వా, ఆ పొద్దు నా చెయ్యి నువ్వే ఇడిపించుకున్నవా?”

“నీ పట్టు గట్టిదే కొడుకా. ఏలుకు ఏలు తియ్యాల్సొచ్చింది.” ఆ వెంటనే, “మల్ల నీ అక్కనే గుంజె. ఎన్నిసార్లు గుంజుతది అది నన్ను?” అన్నది. కోపంగానే అన్నది.

ఇంటికి రమ్మంటే రాలేదు. చెయ్యి పట్టి తీసుకువచ్చాను. ఈ రోజు మళ్ళీ అక్కడే ఉంది. రాజారాం తల్లి ముఖం చూడలేక పొలంలోనే పడుకుంటున్నాడు. నవత ఒక పూట, నేను ఒక పూట దుకాణం మూసి కూర్చుంటున్నాం. మమ్మల్ని చూస్తే ఆమె నవ్వుతుంది. నాకు భయంగా ఉంది. రమ్మని అడిగే ముఖం నాకు లేదు. జరిగింది చెబుతున్నాను, అంతే.

రవీందర్


రేవుదిబ్బ,
మార్చి 22

తమ్మీ,

వస్తున్నాను. ఈ ఉత్తరం వెనుకనే బయలుదేరుతున్నాను.

ఇక్కడ నా చోటు ఖాళీ అవుతుంది. వచ్చే ఆదివారం కూడా బస్సులు వస్తాయి, మెత్తటి నీళ్ళు ఎంచుకుంటాయి. ఆ మాట నన్ను తిననివ్వడం లేదు. ఏడాది నా తిట్లు తిన్నారు కాబట్టి నూకరత్నమ్మ కొడుకులు ఒప్పుకున్నారు. ఆదివారాలు చేపల వేటకు పోకుండా వాళ్ళ పడవనే నీళ్ళలో నిలుపుతారు. నా ఈల నూకరత్నమ్మ మెడలో వేశాను. “నీ అంత నోరు నాకు లేదమ్మా” అన్నది. అబద్ధం. ఆమె నోరు నువ్వు వినలేదు.

నీకు పని చెప్తున్నాను, అంకెలు నువ్వే వేసుకో. పడవ మీద అర్జీలు ఆపకు. సిద్ధస్థితి అన్న మాటను వాళ్ళు వెనక్కి తీసుకునేదాకా వ్రాస్తూనే ఉండు. బోధన్ నుండి, నిజామాబాద్ నుండి సముద్రానికి పోయే ప్రతి యాత్ర బస్సు ఎక్కు. అలలు విరగని చోట దిగవద్దని చెప్పు. నవ్వుతారు, పిచ్చోడివంటారు. అనిపించుకో. నేను ఏడాది అనిపించుకున్నాను.

రాజారాం బావను పొలం నుండి ఇంటికి రమ్మను. సిగ్గుపడడానికి తర్వాత చాలా రోజులున్నాయి. ఆ తల్లి ఆయనకు కూడా తల్లే.

ఆమె మీద నాకు చెప్పలేనంత కోపంగా ఉంది రవీ. మీ బావ “పట్టుకున్నవా?” అని నన్ను అడిగాడు. ఆమెను అడగలేదు. పట్టుకున్నానన్నది నేను. ఆమె విడిపించుకుంటానంటే నేను ఒప్పుకోను. ఎన్నిసార్లు గుంజుతుందో అని అడిగింది కదా. చచ్చేదాకా. ఆమె చావు ఆమెకు మంచం మీద వచ్చేదాకా.

నేను వస్తున్నట్టు ఆమెకు చెప్పకు. తెలిస్తే ఈ లోపలే తొందరపడుతుంది. మీ వెనుక గది నాకు వద్దు, పొద్దంతా మెట్ల దగ్గరే ఉంటాను. ఆమె ఏ మెట్టు మీద కూర్చుంటే దాని కింది మెట్టు నాది.

పుష్పలత